నంబరు గది

మా జాగాకు గోడ లేదు, గేటూ లేదు. నోటీసు ఎక్కడ అంటించాలో తోచక మునిసిపాలిటీ వాళ్లు పక్కనున్న కరెంటు స్తంభానికి అంటించి పోయారు. "ఖాళీ స్థలం యజమానులకు తెలియజేయునది" అని మొదలైంది. చదవగానే నాకు ఒళ్లు మండింది. ఖాళీ ఏంటి ఖాళీ? స్తంభానికి నాలుగడుగుల దూరంలో జాగా నిండా ఎర్రగా మిరపకాయలు ఎండుతున్నాయి. వాటి మధ్య ఒక మనిషి తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని తాలు కాయలు ఏరి పక్కన పెడుతోంది. కళ్లుండీ చూడని వాళ్లతో ఏం మాట్లాడతాం!

ఆ మనిషి మాకు చుట్టం కాదు, పనిమనిషీ కాదు. ఎనిమిదేళ్ల కింద ఒక జనవరి ఆఖరి ఆదివారం చర్చి నుంచి వస్తూ, ఒకసారి జాగా చూసి పోదామని మా ఆయన స్కూటర్ అటు తిప్పాడు. చూస్తే అంతా మిరపకాయలు. స్కూటర్ ఆగక ముందే దిగాను. "ఎవరినడిగి పోశావమ్మా? ఇదేమన్నా మీ అత్తగారి కళ్లమా?" అని అందుకున్నాను. నా నోటి సంగతి మా స్కూల్లో పిల్లలకు తెలుసు, చర్చిలో వాళ్లకు తెలుసు, పాపం ఆమెకు తెలియదు. ఆమె నింపాదిగా లేచి చేతులు దులుపుకుంది.

"ఎవ్వల్ని అడగాలో తెల్వలే. గోడ లేదు, మనిషి లేడు. కాయ ఎండంగనే ఊడ్చి పోత. నా కాయ ఎండితె మీ జాగ ఏమన్న అరుగుతదా టీచరమ్మా?" అంది.

నేను టీచర్నని ఆమెకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. ఎవరూ చెప్పనక్కర్లేదు, అరుపు విని కనిపెట్టి ఉంటుంది అంటాడు మా ఆయన.

జాగా నిజంగానే అరగలేదు. ఆమె ఊడ్చి వెళ్లాక మేం కొన్న రోజుకంటే శుభ్రంగా ఉంది. ఒక మూలకు గంపెడు ఎండు మిర్చి పెట్టి, మీద గోనెపట్టా కప్పి, పక్కింటి వాళ్లకు అప్పజెప్పి పోయింది. ఆ ఏడు మా ఇంట్లో పచ్చళ్లన్నీ ఆ కాయతోనే. మరుసటి ఏడు ఆమె అడగలేదు, నేను అరవలేదు. అలా ఏటేటా సాగింది.

ఆమెది చెరువు అవతలి గూడెం. భర్త పోయాడు, కూతుళ్లిద్దరూ పెళ్లిళ్లై ఇల్లందు వైపు ఉన్నారు. ఎకరం నేల కౌలుకు తీసుకుని మిరప వేస్తుంది. అది నల్లరేగడి. దాని మీద కాయ పోస్తే కింది నుంచి చెమ్మ పట్టి రంగు పోతుంది, రంగు పోతే ఖమ్మం మార్కెట్లో ఆ కాయను కన్నెత్తి చూడరు. మా జాగాలో మేం మొరం పోయించి చదును చేయించాం. మొరం మీద కాయ గలగలా ఎండుతుంది. ఏడాది పొడుగునా ఆమె పడ్డ కష్టమంతా ఆ మూడు నాలుగు వారాల ఎండలో తేలిపోవాలి. ఒకప్పుడు ఆ వీధిలో ఇలాంటి జాగాలు పది ఉండేవి. ఇళ్లు లేచి లేచి, ఆమె కాయ ఎండడానికి మాది ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఆమెకు ఇంకో చోటు లేదు. నోటీసు చూసినప్పుడు నా ఒళ్లు మండింది అందుకే.

మా సంగతి కూడా చెప్పాలి. మా ఆయన బొగ్గు గనుల ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైర్ అయ్యాడు. నేను చండ్రుగొండ వైపు బడుల్లో చాలా ఏళ్లు బస్సెక్కి దిగాను. ఇద్దరికీ ఉద్యోగాలు, అయినా సొంత ఇల్లు లేదు. ఊరు పంచాయతీగా ఉన్నప్పుడు, అడవి అంచున చవగ్గా వస్తోందని రెండు వందల గజాలు కొన్నాం. వచ్చే ఏడు కడదాం, వచ్చే ఏడు కడదాం అనుకుంటూనే ఉన్నాం. ఒక ఏడు మామగారి దవాఖానా, ఒక ఏడు పిల్లల ఫీజులు. కిరాయి ఇళ్లలోనే నా జుట్టు నెరిసింది. సొంత ఇంటి గోడకు తగిలిద్దామని కొన్న బైబిలు వాక్యం ఫ్రేము ఇప్పటికీ పాత చీరలో చుట్టి బీరువా మీదే ఉంది.

నోటీసు మీద మాట్లాడడానికి మునిసిపాలిటీ మీటింగు పెట్టింది. కొత్తగా వచ్చిన కమిషనర్ చిన్నామె, ఓపిక గల మనిషి. ఊరి పటం తెర మీద వేసి చూపించింది. "చూడండి, ఊరి మధ్యలో ఇన్ని ప్లాట్లు ఖాళీగా పడి ఉన్నాయి. కొన్నవాళ్లు కట్టరు, అమ్మరు. ఇల్లు కావాల్సిన వాళ్లు ఏం చేస్తున్నారు? ఊరి బయటికి పోయి పొలాలు కొని ప్లాట్లు చేస్తున్నారు. అక్కడికి రోడ్డు, నీళ్లు, లైటు మళ్లీ మేమే వేయాలి. ఇట్లాగే పోతే పొలాలు అయిపోయి ఊరు అడవి మీద పడుతుంది. అందుకే ఖాళీగా ఉంచితే ఏటేటా పెరిగే పన్ను. ఈ ఏడాదిలో కడితే పర్మిషన్ ఫీజు సగం, మూడేళ్లు ఇంటి పన్ను మాఫీ" అంది.

నిజం చెప్పొద్దూ, ఆమె చెప్పింది నాకు నచ్చింది. మా బడి వెనక టేకు చెట్లు ఎలా మాయమయ్యాయో కళ్లారా చూసినదాన్ని. భయపెట్టి కాకుండా, కొంచెం తాయిలం చూపించి జనాన్ని ఊళ్లోకి లాగాలన్నది మంచి ఆలోచనే. పిల్లల్ని బడికి రప్పించడానికి మేం చేసేదీ అదే కదా. అయినా నా నోరు ఊరుకోదు. లేచి నిలబడ్డాను.

"మేడమ్, మా జాగా ఖాళీగా లేదండీ. మిర్చి ఎండుతోంది."

హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, "కట్టడం లేకపోతే మా లెక్కలో ఖాళీయేనమ్మా" అంది. మా ఆయన నా చీర చెంగు పట్టి కూర్చోబెట్టాడు.

మా ఊరి వాళ్ల తెలివితేటలు ఆ తర్వాత చూడాలి. కట్టడం కావాలన్నారు గానీ ఎంత కట్టడమో నోటీసులో సరిగ్గా రాయలేదు. ఇంటి నంబరు వస్తే చాలు, ఖాళీ పన్ను పోతుంది, రాయితీ వస్తుంది. అంతే, మేస్త్రీలకు చేతినిండా పని. పదికి పది గది, పైన సిమెంటు రేకులు, ఒక తలుపు, దానికో తాళం. మనిషి ఉండేది లేదు, దీపం పెట్టేది లేదు. దానికి ఊరంతా కలిసి పెట్టిన పేరు "నంబరు గది." మేస్త్రీ దగ్గరికి పోయి "ఇల్లా, నంబరు గదా?" అని తేల్చుకున్నాకే ఇటుక లెక్క. నెల తిరిగేసరికి ఊరి నిండా తాళాలేసిన గదులు మొలిచాయి.

మునిసిపాలిటీ వాళ్లూ ఊరికే కూర్చోలేదు. గదిలో మనుషులు ఉంటున్నట్టు కనపడాలి, పొయ్యి ఉండాలి, పడక ఉండాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెడితేనే రాయితీ అన్నారు. దానికీ మా వాళ్ల దగ్గర మందుంది. ఒక వీధిలో ఒక నులక మంచం, ఒక గ్యాసు పొయ్యి, రెండు బిందెలు. ఇన్‌స్పెక్టర్ ఒక గది చూసి బయటికి వచ్చి రిజిస్టరు రాసుకునే లోపల, అవి వెనక సందులోంచి పక్క గదిలోకి పోయేవి. చివరికి ఆయనే మంచం మీద చెయ్యి వేసి, "ఈ మంచం పొద్దట్నుంచి నా వెంబడే తిరుగుతుందేంది?" అన్నాడట. ఆ ముచ్చట చెప్పుకుని ఊరు వారం రోజులు నవ్వింది.

మేమూ ఏం తక్కువ తినలేదు. ఇల్లు కట్టే స్తోమత లేదు, జాగా అమ్మే మనసు లేదు. ఈశాన్యం, ఆగ్నేయం అని చూడకుండా రోడ్డుకు దూరంగా ఒక మూలకు గది లేపాం. మూలకైతే మిగతా మొరమంతా ఆమె కాయకు మిగులుతుందని నా లెక్క. గది పూర్తయ్యేసరికి ఫిబ్రవరి వచ్చింది, ఆమె రెండో కోత కాయ పోసింది. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు తెలిసింది. పిల్లలకు నీతి పాఠం చెప్పే నోటితో అరువు మంచం చూపించి బొంకడానికి నాకు సిగ్గేసింది. అందుకని ఆమె దగ్గరికి పోయాను.

"అక్కా, రేపు ఒక్క పూట ఆ గదిలో కూర్చో. పొయ్యి ముట్టించి దాని మీద ఏదో ఒకటి పెట్టు. ఆయన చూసి పోతాడు. ఈ గది పాసైతే నీ కళ్లం జోలికి ఎవరూ రారు."

"అవ్, కూసుంట. దాంట్ల ఏముంది" అంది.

మర్నాడు ఒక పూట సెలవు పెట్టి ఇన్‌స్పెక్టర్ వెంట జాగాకు పోయాను. గది ముందు ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. గడపకు పసుపు, కుంకుమ బొట్లు. తలుపు పైన మామిడి ఆకులు. లోపల మూడు ఇటుకల పొయ్యి మీద కొత్త గిన్నె. అందులో పాలు పొంగి పొయ్యి చుట్టూ కారాయి, గదంతా మాడిన పాల వాసన. ఆమె తలంటుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని పొయ్యి పక్కన కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టర్ గడప బయటే చెప్పులు విప్పాడు. అప్పటిదాకా ఏ నంబరు గది ముందూ ఆయన చెప్పులు విప్పి ఉండడు. "ఇయ్యాల్నే పాలు పొంగిచ్చిన్రా అమ్మా? మంచిది, సల్లగుండుర్రి" అని ఆమె ఇచ్చిన పాలు తాగి, సంతకం పెట్టి పోయాడు.

నా పని అయింది. సంతోషించాలి. కానీ సంతోషం రాలేదు. మేం పాలు పొంగించం, పాస్టరయ్య గారు వచ్చి ప్రార్థన చేస్తారు, అయినా అది కాదు బాధ. ఇన్నేళ్లు ఇల్లిల్లు మారి, నాకంటూ నాలుగు గోడలు లేచిన రోజున, మొదటి మంట వెలిగించింది నేను కాదు. దీవెన అందుకుంది నేను కాదు. అది నంబరు గదేలే అని అప్పటిదాకా అనుకున్నదాన్ని, ఆ గడపకు పసుపు చూడగానే అది నా ఇల్లని గుర్తొచ్చింది.

"పొయ్యి ముట్టించమన్నాను, పాలు పొంగించమన్నానా?" అని అరిచాను.

"కొత్త ఇంట్ల పాలు పొంగకుండ పొయ్యి ఎట్ల ముట్టిస్త టీచరమ్మా?"

"ఎవరిదీ ఇల్లు? నీదా, నాదా? కూర్చోమంటే ఇంటిదానివైపోతావా?"

అన్నాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. ఆమె లేచింది. పొయ్యిలో నీళ్లు పోసింది. గిన్నె తీసుకుంది. బయటికి వస్తూ వంగి, గడప మీది పసుపు కుంకుమ కొంగుతో తుడిచింది. మూలలు కూడా వదలకుండా తుడిచింది. అది చూసి కూడా నా నోట్లోంచి వద్దన్న మాట రాలేదు. అంత మొండిదాన్ని.

మర్నాడు బడి నుంచి వస్తూ చూస్తే జాగా ఊడ్చి ఉంది. ఒక్క కాయ లేదు. సగం ఎండిన పంట ఎత్తుకుని పోయింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన పేపరు దించకుండానే అన్నాడు, "ఇంకేంది, గెలిచినవ్. గది పాసైంది. జాగ గూడ ఇప్పుడు నిజంగనే ఖాళీ అయింది."

నేను ఆ రోజు అన్నం తినలేదు. రెండో రోజూ ఆమె దగ్గరికి పోలేదు. ఆమె రావాలి, నేనెందుకు పోవాలి అని కూర్చున్నాను. మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఫిబ్రవరిలో మబ్బు పడితే మా వైపు మిరప రైతుల గుండె ఆగుతుంది. క్లాసులో లెక్క చెబుతున్నదాన్ని చెబుతున్నట్టే ఆగిపోయాను. సగం ఎండిన కాయ, కింద పరచడానికి ఏముందో, పైన కప్పడానికి ఏముందో. హెడ్‌మాస్టరుకు చెప్పి బయటపడి, మా ఆయనకు ఫోన్ చేసి స్కూటర్ తెమ్మన్నాను. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు టీచరమ్మా" అన్నాడు, కానీ వెంటనే వచ్చాడు.

గూడెంలో అడిగితే బైపాస్ రోడ్డు మీద చూడమన్నారు. అక్కడే ఉంది. రోడ్డు అంచున తారు మీద పట్టా పరిచి కాయ పోసింది. పక్క నుంచి బొగ్గు లారీలు పోతుంటే దుమ్మంతా కాయ మీదే. లారీ వచ్చినప్పుడల్లా లేచి పట్టా అంచు లోపలికి లాక్కుంటోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను ఆమె పక్కనే మట్టిలో కూర్చున్నాను. క్షమాపణ అడగడం నాకు చేతకాదు. ముప్పై ఏళ్లుగా పిల్లల చేత "సారీ టీచర్" అనిపించుకున్నదాన్నే గానీ అన్నదాన్ని కాదు.

"అక్కా, తప్పు నాదే. నోరు జారాను. నువ్వు ఆ పసుపు తుడుస్తుంటే ఆపకపోవడం అంతకంటే పెద్ద తప్పు. మనసులో పెట్టుకోకు" అన్నాను. అంటుంటే ఏడుపొచ్చింది.

ఆమె కాసేపు కాయ కలియబెట్టింది. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పింది.

"మా గుడిసె మామ కట్టిండు. నేను వచ్చేటాల్లకే పొయ్యి మండుతాంది. ఎన్నడు కొత్త పొయ్యి ముట్టియ్యలే. నువ్వు ముట్టియ్యమంటె రాత్రంత నిద్ర పట్టలే టీచరమ్మా. పొద్దుగాల్నే పోయి పాలు కొన్న. వాడొచ్చి చూసి పోతడు, ఉత్తుత్తగ ముట్టియ్యమంటివి. అగ్గిని అబద్దానికి ఎట్ల ముట్టియ్యాలె? నాకు చేతగాలే. మీ ఇల్లు సల్లగుండాలె, మీ బిడ్డలు సల్లగుండాలె అనుకుంట నిజంగనే ముట్టిచ్చిన."

నేను అబద్ధం చెప్పడానికి సిగ్గుపడి ఆమెను పిలిచాను. ఆ అబద్ధం ఆమె చేత చెప్పించబోయానని నాకు తట్టనే లేదు. చదువు చెప్పేదాన్ని నేను.

మా ఆయన అప్పటికే ట్రాలీ ఆటో ఒకదాన్ని ఆపి బేరం ఆడుతున్నాడు. ముగ్గురం కలిసి కాయ గోనెల్లోకి ఎత్తాం. వంగి లేచి, తుమ్మి తుమ్మి నా కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. చేతుల మంట రెండు రోజులు పోలేదు. నూనె రాసుకుంటుంటే మా ఆయన నవ్వాడు. గోనెలు గదిలో పేర్చి తలుపు వేశాక నాలుగు చినుకులు రాలి మబ్బు విడిపోయింది.

అప్పుడు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. "నువ్వు అబద్ధం చెప్పలేనన్నావు. మరి నువ్వు ఇక్కడ ఉంటేనే అది అబద్ధం కాకుండా పోతుంది" అన్నాను.

"ఉత్తగ ఉండ" అంది.

"ఏటా ఇచ్చే గంప మానకు. అదే కిరాయి."

ఆమె తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీరు ఇల్లు కట్టుకునేది ఎప్పుడు?" అని సూటిగా అడిగింది. నేనూ దాచలేదు. మూడేళ్ల మాఫీ అయ్యాక ఎలాగోలా కట్టాలని ఉందని, కట్టేటప్పుడు కళ్లానికి చోటు ఎలా మిగల్చాలో నాకింకా తెలియదని చెప్పాను. ఆమె తలాడించి, తాళంచెవి రొంటిన దోపుకుంది. కమిషనరమ్మ కోరింది ఊరి నడుమ జాగాలో ఒక మనిషి బతకాలనే కదా. మా వీధి నంబరు గదులన్నిటిలో మనిషి ఉంటున్నది మాది ఒక్కదాంట్లోనే.

ఆమె చేరిన వారానికి ఒక సాయంత్రం బడి నుంచి అటు పోయాను. ఆరుబయట కాయ పరిచి ఉంది. గది తలుపు తెరిచి ఉంది, లోపల ఏదో తాలింపు వేస్తున్న చప్పుడు. గడపకు మళ్లీ పసుపు పెట్టుకుంది. లోపలికి పోబోయి కాలెత్తిన దాన్ని ఎత్తినట్టే ఆగాను. ఇటుకలు నావి, రేకులు నావి, ఇంటి నంబరు కాగితం నా బ్యాగులోనే ఉంది. అయినా కాలు ముందుకు పడలేదు.

"అక్కా" అని పిలిచాను.

"ఎవలూ?"

"నేనే."

"ఓ టీచరమ్మా! గక్కడ్నే నిలబడ్డవేంది? లోపటికి రా."

ఆ మాట కోసమే ఆగానని అది విన్నాక గానీ నాకు తెలియలేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను.